కాపర్ టీనా, మాత్రలా, ఇంజెక్షనా? ఏ ఇబ్బందిని ఎంతవరకు ఓర్చుకోవాలి?

తెల్లకలువ

అందరికీ నమస్తే. చాలాకాలంగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. రెండో బిడ్డకి ఏడో నెల. ఇంకా పాలిస్తున్నాను. పోయిన నెల నుంచి పీరియడ్స్ మళ్ళీ మొదలయ్యాయి. ఇక పిల్లలు వద్దనే అనుకుంటున్నాం, కానీ ఆపరేషన్ సంగతి ఇప్పుడే తేల్చుకోలేకపోతున్నాం. అప్పటిదాకా ఏదో ఒకటి వాడాలి.

పెళ్ళైన కొత్తలో మాత్రలు వాడాను. మొదట్లో వికారం, రొమ్ముల్లో సలుపు ఉండి తర్వాత సర్దుకున్నాయి. తలనొప్పి మాత్రం వస్తూ ఉండేది. అది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నదేలెండి. ముందు కళ్ళముందు మెరుపు గీతలు వంకరటింకరగా కదులుతాయి, ఒక పక్క చూపు మసకబారుతుంది, అరగంట తర్వాత నొప్పి మొదలవుతుంది. మాత్రలు ఒంటికి అలవాటైనవే కదా, మళ్ళీ వాటితోనే మొదలుపెడదామా అని ఆలోచన.

డాక్టర్ కాపర్ టీ అన్నారు. మా ఆడపడుచు అది వేయించుకుని బ్లీడింగ్ తట్టుకోలేక కొద్ది నెలలకే తీయించేసుకుంది. ఆమెని చూశాక ధైర్యం చాలడం లేదు. మూడు నెలలకోసారి ఇంజెక్షన్ అంటే హాయిగా అనిపిస్తుంది గానీ ఒళ్ళు వస్తుందంటున్నారు.

మీరు వాడినదాంతో ఏ ఇబ్బంది వచ్చింది, ఎంతకాలం ఉంది, ఎక్కడ ఇక చాలు అనిపించింది? అవి చెప్పండి చాలు.

గోరింట

కాపర్ టీ ఏళ్ళ తరబడి వాడుతున్నదాన్ని. కాబట్టి నా మాట కాస్త అటే మొగ్గుతుంది, ముందే చెప్తున్నా.

వేసేటప్పుడు ఏమీ తెలియదని ఎవరైనా అంటే నమ్మకండి. గర్భసంచి ముఖద్వారాన్ని పరికరంతో పట్టుకున్నప్పుడు ఒకసారి, లోపలి పొడవు కొలిచినప్పుడు ఒకసారి, టీని లోపల వదిలినప్పుడు ఒకసారి కడుపులో మెలిపెట్టింది. అంతా కలిపి కొద్ది నిమిషాలే. లేవగానే కళ్ళు తిరిగితే కాసేపు పడుకోబెట్టారు. సాయంత్రం దాకా నడుం లాగుతూనే ఉంది. కాన్పులు అయినవాళ్ళకి కాస్త తేలిక అంటారు. నాకు అప్పటికి ఒక్క సిజేరియనే, ముఖద్వారం ఎన్నడూ తెరుచుకోలేదు.

ఆ తర్వాత మూడు నాలుగు పీరియడ్స్ నిజంగానే భారీగా అయ్యాయి. మొదటి రెండు రోజులూ రాత్రిపూట లేచి ప్యాడ్ మార్చుకోవాల్సి వచ్చేది. మధ్యలో స్పాటింగ్. ఆరో నెల దాటాక తగ్గింది. ఇప్పుడు పాతకాలం కంటే ఒక రోజు ఎక్కువ ఉంటుంది, అంతే. మిగతా నెలంతా దాని ధ్యాసే ఉండదు. రోజూ మాత్ర గుర్తుపెట్టుకునే టెన్షన్ లేకపోవడం నాలాంటి మతిమరుపుదానికి పెద్ద సుఖం.

మీ ఆడపడుచు గారు తీయించుకోవడం కూడా తప్పేమీ కాదు. తట్టుకోలేకపోతే తీయించుకోవడానికే కదా కాపర్ టీ చివర ఆ దారాలు.

పగటిచుక్క

తెల్లకలువ గారూ, నేను కుటుంబ నియంత్రణ క్లినిక్‌లో నర్సుని. మీరు పక్కమాటగా రాసిన తలనొప్పి దగ్గరే ఆగిపోయాను. మెరుపు గీతలు, చూపు మసకబారడం, ఆ తర్వాత నొప్పి. ఇది ఆరాతో (నొప్పికి ముందు చూపులో వచ్చే ఇలాంటి మార్పులతో) వచ్చే మైగ్రేన్ లాగే ఉంది. నిజంగా అదే అయితే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న మాత్రలు మీరు వాడకూడదు. ఏ వయసులోనైనా సరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎవరికి ఏ పద్ధతి తగినదో 1 నుంచి 4 దాకా తరగతులు పెట్టింది. 1 అంటే నిరభ్యంతరంగా వాడొచ్చు, 4 అంటే వాడనే కూడదు. ఆరా ఉన్న మైగ్రేన్‌కి ఈస్ట్రోజెన్ కలిపిన మాత్రలు 4వ తరగతిలో ఉన్నాయి. ఆ రకం మైగ్రేన్‌లో మెదడుకి రక్తం అందక స్ట్రోక్ వచ్చే అవకాశం మామూలు వాళ్ళకన్నా కాస్త ఎక్కువ. ఈస్ట్రోజెన్ దాన్ని ఇంకా పెంచుతుంది. చిన్న వయసులో స్ట్రోక్ అరుదే. కానీ వస్తే తిరిగి పూడ్చుకోలేని నష్టం, పైగా వేరే దారులు ఇన్ని ఉన్నప్పుడు ఆ ప్రమాదం ఎందుకు?

ఇంతకుముందు వాడినప్పుడు ఏమీ కాలేదు కదా అని సరిపెట్టుకోకండి. ఈ గీతల సంగతి డాక్టర్‌కి ఇదే మాటల్లో చెప్పండి. ఉత్త "తలనొప్పి" అంటే ఎవరికీ అర్థం కాదు.

మాత్రలు రెండు రకాలు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిసినవి ఒకటి. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉండే మినీ పిల్ ఇంకొకటి. రెండోది పాలిచ్చేవాళ్ళకీ, మీలాంటి మైగ్రేన్ ఉన్నవాళ్ళకీ వాడొచ్చు. దాని చిక్కు టైమింగ్. పాత రకం మినీ పిల్ 3 గంటలు ఆలస్యమైతే మాత్ర మర్చిపోయినట్టే లెక్క. డెసోజెస్ట్రెల్ రకానికి 12 గంటల వెసులుబాటు ఉంటుంది. పీరియడ్స్ ఎప్పుడొస్తాయో చెప్పలేం, కొందరికి చుక్కలు చుక్కలుగా రోజుల తరబడి అవుతుంది.

కలిపిన మాత్రలు వద్దనేది మీ ఒక్కరి విషయంలోనే కాదు. 35 దాటి సిగరెట్ తాగేవాళ్ళు, బీపీ ఎక్కువ ఉన్నవాళ్ళు, కాళ్ళలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టినవాళ్ళు, అప్పుడే కాన్పైన బాలింతలు కూడా వాటి జోలికి వెళ్ళకూడదు. అందుకే మాత్ర రాసేముందు బీపీ చూడాలి. చూడకుండా రాసిచ్చారంటే అడిగి చూపించుకోండి. మిగతా ఆరోగ్యవంతులకి అవి మంచి మందులే.

నల్లమబ్బు

రక్తం గడ్డకడుతుందని నేనూ విన్నా. అది విన్న దగ్గర్నుంచి మాత్రలంటేనే భయం. ఎంతమందికి అవుతుందసలు?

పగటిచుక్క

ఒక ఏడాదిలో 10,000 మంది ఆడవాళ్ళని తీసుకుంటే, మాత్రలు వాడని, గర్భం లేనివాళ్ళలో 1 నుంచి 5 మందికి గడ్డ కడుతుంది. కలిపిన మాత్రలు వాడేవాళ్ళలో 3 నుంచి 9. గర్భిణుల్లో 5 నుంచి 20. కాన్పైన మొదటి 12 వారాల్లో 40 నుంచి 65. అంటే మాత్ర వల్ల ముప్పు పెరిగే మాట నిజం, గర్భం వల్ల అంతకంటే ఎక్కువ పెరిగే మాటా నిజం.

వాడుతూ ఉండగా ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా, ఎన్నడూ లేనంత తలనొప్పి పట్టుకున్నా, చూపు పోయినా, మాట తడబడినా, పొట్టలో తీవ్రంగా నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళి, మాత్రలు వాడుతున్నానని మొదటి మాటగా చెప్పండి.

సూటిమాట

ఇన్ని హార్మోన్లు ఒంట్లోకి ఎక్కించుకుని తర్వాత ఈ భయాలు ఎందుకండీ? రోజులు లెక్కపెట్టుకుంటే పోయేదానికి. మా ఇద్దరికీ ఏళ్ళుగా అదే పద్ధతి, ఒక్క సైడ్ ఎఫెక్ట్ లేదు. మందుల కంపెనీల వ్యాపారం ఇదంతా.

గోరింట

మీకు క్రమం తప్పకుండా డేట్ వస్తుందేమో అండీ. తెల్లకలువ గారికి కాన్పు తర్వాత ఒక్కసారి వచ్చింది, రెండోది ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి. ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి?

పగటిచుక్క

సూటిమాట గారూ, మీ పద్ధతిని తీసిపారేయడం లేదు. హార్మోన్లు పడనివాళ్ళు చాలామంది దాన్నే ఎంచుకుంటారు. కానీ అది క్యాలెండర్ లెక్క ఒక్కటే అయితే బలహీనం. అండం విడుదలయ్యేది రాబోయే పీరియడ్‌కి దాదాపు 14 రోజుల ముందు. ఆ రాబోయేది ఎప్పుడో ముందుగా తెలియదు కదా. వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతుకుతాయి. రోజూ లేవగానే ఉష్ణోగ్రత, తెల్లబట్టలో జిగురు మార్పు, అన్నీ గమనించి రాసుకునేవాళ్ళకి బాగా పనిచేస్తుంది. పాలిచ్చే తల్లికి ఇవన్నీ తారుమారుగా ఉంటాయి.

మామూలు మనుషులు మామూలుగా వాడితే ఏడాదిలో 100 మందిలో ఎంతమందికి గర్భం వస్తుందో చెప్తాను. బయటికి తీసేసే పద్ధతిలో 20 మందికి. కండోమ్‌తో 13. మాత్రలతో 7. మూడు నెలల ఇంజెక్షన్‌తో 4. కాపర్ టీ, హార్మోన్ లూప్ (కాపర్ టీలాగే గర్భసంచిలో పెట్టేది, రాగి బదులు హార్మోన్ వదులుతుంది), చేతిలో పెట్టే ఇంప్లాంట్ వీటన్నిటికీ 1 కంటే తక్కువ. రోజులు చూసుకునే పద్ధతుల్లో 2 నుంచి 23 దాకా, ఎంత శ్రద్ధగా చేశారన్నదాన్ని బట్టి. ఒక్క మాత్రా తప్పకుండా వేసుకుంటే మాత్రల లెక్క కూడా 1 లోపే. మనం మర్చిపోతాం కాబట్టి 7.

సూటిమాట

మాది ఆ 2 లోనిదే అనుకోండి :)

నల్లమబ్బు

ఇంజెక్షన్ గురించి నేను చెప్తా, ఎందుకంటే ఇక్కడ అందరూ దాని హాయి గురించే మాట్లాడతారు.

వేసేటప్పుడు నాకు చెప్పింది ఒకటే: "మూడు నెలలు ఏ బెంగా ఉండదమ్మా." మొదటి ఇంజెక్షన్ తర్వాత బ్లీడింగ్ ఆగితే ఒట్టు. ఎక్కువ కాదు, కొద్దికొద్దిగా, కానీ రోజూ. అడిగితే ఇంకోటి వేస్తే ఆగుతుందన్నారు, వేశారు. ఆ తర్వాత మొత్తానికే పీరియడ్స్ ఆగిపోయాయి. అది ఇంకో భయం, ప్రతి నెలా టెస్ట్ చేసుకునేదాన్ని. బరువు కూడా పెరిగాను. సరే, మానేశాను. మానేసి రెండో బిడ్డ కోసం చూస్తే ఏడాది దాకా నెల తప్పలేదు. ఆ ఏడాదీ నేను పడ్డ మనోవేదన మాటల్లో చెప్పలేను. నాకేదో శాశ్వతంగా పాడైపోయిందనే అనుకున్నా.

తర్వాత ఇంకో డాక్టర్ చెప్పారు, ఇది మామూలే, చివరి ఇంజెక్షన్ తర్వాత గర్భం రావడానికి సగటున 9, 10 నెలలు పడుతుందని. వచ్చింది కూడా. ఆ ఒక్క ముక్క వేసే ముందు చెప్పి ఉంటే! మందు మీద నాకు కోపం లేదు. చెప్పకుండా వేసినవాళ్ళ మీదే.

పగటిచుక్క

నల్లమబ్బు గారూ, మీ కోపం సబబే. ఇంజెక్షన్‌కి ఉన్న అసలు తేడా ఏంటంటే, మాత్ర అయితే మానేస్తాం, లూప్ అయితే తీసేస్తాం, ఇంప్లాంట్ కూడా తీసేస్తాం. ఇంజెక్షన్ ఒకసారి ఒంట్లోకి వెళ్ళాక వెనక్కి తీయలేం. పడకపోయినా కనీసం మూడు నెలలు భరించాల్సిందే. ఏడాదిలోపు బిడ్డ కావాలనుకునేవాళ్ళకి నేను దాన్ని చెప్పను.

పీరియడ్స్ ఆగిపోవడం మాత్రం దాని స్వభావం. ఏడాది వాడేసరికి దాదాపు సగం మందికి ఆగిపోతాయి. చెడు రక్తం లోపల పేరుకుపోతోందని చాలామంది భయపడతారు. గర్భసంచి లోపలి పొరే పెరగనప్పుడు పేరుకోవడానికి అక్కడేమీ ఉండదు. రక్తహీనత ఉన్నవాళ్ళకి అది మేలే. బరువు విషయం నిజం, మిగతా పద్ధతుల కంటే దీనితోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఎముకల సాంద్రత కూడా వాడినంతకాలం కొంత తగ్గి, మానాక చాలావరకు కోలుకుంటుంది. అందుకే ఏళ్ళ తరబడి వాడేముందు ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి.

చిరుజల్లు

మనసు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నా. నాకు మాత్రలతో వాంతులు లేవు, బరువు లేదు, బీపీ లేదు. మొటిమలు కూడా తగ్గాయి. కానీ రెండో నెల నుంచి ఏడుపు. కారణం ఉండదు. పొద్దున లేవాలనిపించదు. భర్త మీద విసుక్కోవడం, తర్వాత నన్ను నేనే తిట్టుకోవడం. డాక్టర్‌తో అంటే "మాత్రకీ దానికీ సంబంధం లేదమ్మా, ఆలోచనలు తగ్గించుకో" అన్నారు. నేనే మానేశా. కొన్ని వారాల్లో మళ్ళీ మామూలు మనిషినయ్యా. ఇప్పుడు కాపర్ టీ. హార్మోన్ లేదు, నేను నేనులాగే ఉన్నా. కడుపునొప్పి ఎక్కువైంది, దాన్ని భరిస్తా గానీ ఆ చీకటిని మాత్రం మళ్ళీ భరించను.

సూటిమాట

చూశారా!

గోరింట

అయ్యా, ఆవిడ వాడుతున్నదీ కాపర్ టీయే, రోజుల లెక్క కాదు.

పగటిచుక్క

చిరుజల్లు, సంబంధం లేదనడం తొందరపాటు మాట. 2016లో డెన్మార్క్ పరిశోధకులు 15 నుంచి 34 ఏళ్ళ మధ్య ఉన్న పది లక్షల మందికి పైగా ఆడవాళ్ళ రికార్డులు చూశారు. హార్మోన్ పద్ధతులు మొదలుపెట్టినవాళ్ళలో డిప్రెషన్ మందులు వాడాల్సి రావడం కొంత ఎక్కువగా కనిపించింది, టీనేజ్ అమ్మాయిల్లో ఇంకా ఎక్కువ. మాత్రే కారణమని అది రుజువు చేయలేదు. ఎక్కువమందికి ఏ మార్పూ రాదు, కొందరికి నెలసరి ముందు వచ్చే చిరాకు తగ్గి మేలవుతుంది కూడా. అయితే మీకు జరిగింది మీకు జరిగింది. మానేస్తే తగ్గిందంటే ఆ మాత్ర మీకు పడలేదనే లెక్క, దానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

వికారం, రొమ్ముల సలుపు, మధ్యలో చుక్కలు కనిపించడం లాంటివి మూడు నెలలు చూడమని అడుగుతాం, ఎందుకంటే ఎక్కువమందికి అప్పటికి తగ్గిపోతాయి. రాత్రిపూట పడుకునేముందు వేసుకుంటే వికారం చాలావరకు తెలియదు. మనసు కుంగిపోతుంటే మాత్రం మూడు నెలల గడువు పెట్టుకోకండి. చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు ఎవరికో ఒకరికి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

మోడరేటర్

ఒక సభ్యుడు తన ఉత్పత్తిని అమ్ముకునే ఉద్దేశంతో పెట్టిన రెండు పోస్టులు తొలగించాం. మూలికలతో శాశ్వత గర్భనిరోధం అని చెప్పేవి ఇక్కడ పెట్టొద్దు. చర్చ కొనసాగించండి.

రెండోషిఫ్ట్

మగవాణ్ణి. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు గానీ, తెల్లకలువ గారు "ఆపరేషన్ తేల్చుకోలేకపోతున్నాం" అన్నారు కాబట్టి ఒక మాట. ఆపరేషన్ అంటే ఆవిడకే అని ఎందుకనుకోవాలి? నేను వేసెక్టమీ చేయించుకున్నాను. కోత కూడా లేదు, చిన్న రంధ్రం చేసి చేశారు. మత్తు ఆ ఒక్క చోటికే ఇచ్చారు. ఇంటికి నడిచే వెళ్ళా. రెండు మూడు రోజులు లాగినట్టు నొప్పి, కొద్దిగా వాపు, బిగుతు లోదుస్తులు వేసుకోమన్నారు. వారం పాటు బరువులెత్తలేదు. మగతనం తగ్గుతుందని స్నేహితులు తెగ భయపెట్టారు. ఆ హార్మోన్ వృషణాల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది, కట్ చేసేది వీర్యకణాలు వెళ్ళే గొట్టాన్ని మాత్రమే. ఏ తేడా లేదు, మా ఆవిణ్ణి అడగొచ్చు (అడక్కండి).

గోరింట

హహ. మీలాంటివాళ్ళు ఇంకో నలుగురు రాస్తే బాగుండు.

పగటిచుక్క

రెండోషిఫ్ట్ గారు చెప్పింది సరే, ఒకటి కలపాలి. చేయించుకున్న మర్నాటి నుంచే నిశ్చింత కాదు. గొట్టాల్లో మిగిలిన కణాలు పోవడానికి సుమారు 3 నెలలు పడుతుంది. అప్పటిదాకా కండోమ్ వాడి, తర్వాత వీర్య పరీక్ష చేయించి, కణాలు లేవని తేలాకే ధీమా. ఈ పరీక్ష ఎగ్గొట్టే మగవాళ్ళే ఎక్కువ. 100 మందిలో ఒకరిద్దరికి వృషణాల దగ్గర నొప్పి చాలాకాలం ఉండిపోతుంది, అది కూడా తెలిసే చేయించుకోవాలి. ఆడవాళ్ళ ట్యూబెక్టమీతో పోలిస్తే ఇది చిన్న ఆపరేషన్, పొట్ట లోపలికి వెళ్ళే పని లేదు. రెండిటినీ తిరగదోడడం కష్టం కాబట్టి శాశ్వతం అనుకునే చేయించుకోండి. కాన్పు అలసటలో, ఎవరో తొందరపెట్టారని మాత్రం వద్దు.

తెల్లకలువ

ఇంతమంది ఓపిగ్గా రాసినందుకు ఏమనాలో తెలియడం లేదు. పగటిచుక్క గారి పోస్టు చదివాక డాక్టర్ దగ్గరికి వెళ్ళి గీతల సంగతి విడమరిచి చెప్పాను. మైగ్రేన్ విత్ ఆరా అనే అన్నారు, ఈస్ట్రోజెన్ మాత్రలు ఇక వద్దని కార్డు మీద రాసిచ్చారు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు కాపర్ టీ, హార్మోన్ లూప్ ఈ రెండింటి మధ్య ఉన్నాను. హార్మోన్ లూప్ వాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మళ్ళీ హార్మోన్ అంటే చిరుజల్లు గారి అనుభవం గుర్తొచ్చి కాస్త జంకుగా ఉంది.

మూడోకిటికీ

నేను వాడుతున్నా అక్కా. నాది గర్భనిరోధం కోసం మొదలైంది కాదు, విపరీతమైన బ్లీడింగ్‌కి వేశారు. హిమోగ్లోబిన్ బాగా పడిపోయి మెట్లెక్కితే ఆయాసం వచ్చేది.

మొదటి నాలుగైదు నెలలు విసుగు. ఎప్పుడు చుక్కలు కనిపిస్తాయో తెలియదు, పర్సులో ఎప్పుడూ లైనర్ ఉండాల్సిందే. గడ్డం కింద మొటిమలు వచ్చాయి. ఒకసారి స్కాన్‌లో అండాశయం మీద నీటితిత్తి కనిపించింది, భయపడిపోయాను. దీనితో అవి వస్తుంటాయి, వాటంతట అవే పోతాయన్నారు. కొన్ని నెలల తర్వాత చూస్తే లేదు. ఆ తర్వాత పీరియడ్స్ బాగా తగ్గి, ఇప్పుడు దాదాపు రావు. మెట్లు ఎక్కుతున్నా. మూడ్ విషయంలో నాకు తేడా తెలియలేదు.

పగటిచుక్క

52 మిల్లీగ్రాముల హార్మోన్ లూప్ మొదట్లో రోజుకి సుమారు 20 మైక్రోగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ హార్మోన్ వదులుతుంది. ఎక్కువగా గర్భసంచి లోపలే పనిచేస్తుంది, రక్తంలోకి వెళ్ళేది తక్కువ. తక్కువే గానీ సున్నా కాదు, అందుకే కొందరికి మొటిమలు, చిరాకు. మీ మైగ్రేన్‌కి ఇది అడ్డం కాదు, పాలకీ కాదు. తేల్చుకోవాల్సింది మీ బ్లీడింగ్‌ని బట్టి. ఇప్పటికే ఎక్కువ అవుతుంటే, రక్తం తక్కువ ఉంటే హార్మోన్ లూప్ వైపు చూడండి. పీరియడ్స్ తేలికగా ఉండి, హార్మోన్ అసలు వద్దనుకుంటే కాపర్ టీ. 380ఏ రకం 10 ఏళ్ళు ఉంటుంది.

కాపర్ టీ వేయించుకునేముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. మొదటి నెలల్లో బ్లీడింగ్‌కి ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి పీరియడ్ మొదలైన రోజు నుంచే వాడితే నొప్పీ తగ్గుతుంది, బ్లీడింగూ తగ్గుతుంది. చాలకపోతే ట్రానెక్సామిక్ యాసిడ్ రాస్తారు. గడ్డలు పడుతున్నా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా "ఆరు నెలలు ఓర్చుకో" అన్న మాట వర్తించదు. మీ ఆడపడుచుకి ఈ మందులు ఎవరైనా ఇచ్చారా? చాలామందికి ఇవ్వరు.

వేసేటప్పటి నొప్పి గురించి కూడా నోరు తెరిచి అడగండి. ముఖద్వారం దగ్గర మొద్దుబార్చే మందు లిడోకెయిన్ ఇవ్వడం ఉపయోగపడవచ్చని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024 మార్గదర్శకాల్లో కూడా రాసింది. అందరి దగ్గరా ఉండకపోవచ్చు, అడిగితే పోయేదేమీ లేదు.

నల్లమబ్బు

లూప్ పైకి వెళ్ళి గుండెకి చేరుతుందని మా పిన్ని ఒకటే గోల. అది అబద్ధమని తెలుసు, కానీ అసలు కదలదా?

పగటిచుక్క

గుండెకి దారే లేదు. జరగగలిగేవి రెండు. ఒకటి, జారి బయటికి వచ్చేయడం. దాదాపు 20 మందిలో ఒకరికి అవుతుంది, ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లో, పీరియడ్ టైమ్‌లో. రెండోది, వేసేటప్పుడు గర్భసంచి గోడకి గుచ్చుకుని బయటికి వెళ్ళడం, 1,000 మందిలో ఒకరిద్దరికి. పాలిచ్చేవాళ్ళలో, కాన్పైన కొత్తలో ఇది కాస్త ఎక్కువ. కాబట్టి తెల్లకలువ గారూ, అనుభవం ఉన్న చేతితో వేయించుకోండి. పీరియడ్ అయ్యాక వేలితో దారాలు తగులుతున్నాయో చూసుకోండి. తగలకపోయినా, గట్టి ప్లాస్టిక్ ముక్క తగిలినా కండోమ్ వాడుతూ వచ్చి చూపించుకోండి. నెల తప్పితే, కడుపులో ఒక పక్కే నొప్పి ఉంటే, జ్వరంతో దుర్వాసన ఉన్న తెల్లబట్ట అవుతుంటే అదే రోజు.

చిరుజల్లు

వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర ఉందట కదా, హార్మోన్ లేకుండా? ఎవరికైనా తెలుసా?

పగటిచుక్క

సెంట్‌క్రోమాన్. స్టిరాయిడ్ హార్మోన్ కాదు. మొదటి 3 నెలలు వారానికి రెండు, నిర్ణయించుకున్న రోజుల్లో. తర్వాత వారానికి ఒకటి. వికారం, గడ్డకట్టడం లాంటి గొడవలు దాదాపు లేవు, పాలిచ్చేవాళ్ళూ వాడతారు. పీరియడ్ల మధ్య దూరం పెరుగుతుంది, అది భయపెడుతుంది. 15 రోజులు దాటి ఆలస్యమైతే టెస్ట్ చేసుకోవాలి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే అండాశయాల సమస్య), కాలేయ సమస్య ఉంటే వద్దు.

కొత్తచిగురు

ఈ చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాది కొంచెం అర్జెంటు. కలిపిన మాత్రలు వాడుతున్నా. కొత్త షీట్ మొదలుపెట్టాక జ్వరంతో వరసగా రెండు మాత్రలు మర్చిపోయా. నిన్న రాత్రి కలిశాం, కండోమ్ లేదు. ఇవాళ గుర్తొచ్చింది. ఇప్పుడేం చేయాలి? రెండూ కలిపి మింగేయాలా? జ్వరానికి యాంటిబయాటిక్ కూడా వాడుతున్నా.

పగటిచుక్క

టెన్షన్ పడకండి, టైమ్ ఉంది. మర్చిపోయినవాటిలో చివరిది ఒక్కటి ఇప్పుడే వేసుకోండి, అంతకుముందుది వదిలేయండి. ఇవాళ్టిది మామూలు వేళకి. వరసగా 7 రోజులు మాత్రలు పడేదాకా కండోమ్ తప్పనిసరి. షీట్ మొదటి వారంలో రెండు తప్పాయి, ఆపైన కలిశారు కాబట్టి ఎమర్జెన్సీ మాత్ర కూడా అవసరం. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములది 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఇవాళే వేసుకోండి. అది అండం విడుదలని వాయిదా వేస్తుంది, అప్పటికే వచ్చిన గర్భాన్ని తీసేయదు. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతైతే మళ్ళీ వేసుకోవాలి.

మామూలు యాంటిబయాటిక్స్ మాత్రల్ని చెడగొట్టవు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్ లాంటివే చెడగొడతాయి. మీరు వాడేది ఏంటో పేరు చూసి చెప్పండి.

కొత్తచిగురు

అమాక్సిసిలిన్. ఎమర్జెన్సీ మాత్ర ఇప్పుడే తెప్పించుకున్నా. ఫార్మసీలో ఇంకోటి, యులిప్రిస్టల్ కూడా ఉందన్నారు, అది 5 రోజుల దాకా పనిచేస్తుందట. అది తీసుకోనా మరి?

పగటిచుక్క

అమాక్సిసిలిన్‌తో ఇబ్బంది లేదు. మీకు లెవోనార్జెస్ట్రెల్ చాలు, ఒక్క రోజే అయింది కదా. యులిప్రిస్టల్ తీసుకుంటే మీ రోజువారీ మాత్రలు దాని పనికి అడ్డొస్తాయి, 5 రోజులు ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. లెవోనార్జెస్ట్రెల్‌కి ఆ గొడవ లేదు, మాత్రలు అలాగే కొనసాగించండి. బరువు ఎక్కువ ఉన్నవాళ్ళకి ఇది కాస్త తక్కువగా పనిచేస్తుంది, మీకు అలా ఉంటే చెప్పండి, అప్పుడు కాపర్ టీ గురించి మాట్లాడదాం. 5 రోజుల్లోపు వేస్తే అన్నిటికంటే గట్టిగా ఆపేది అదే. ఈసారి బ్లీడింగ్ ముందుగానో ఆలస్యంగానో రావచ్చు. ఎలా వచ్చినా 3 వారాల తర్వాత ఒకసారి టెస్ట్ చేసుకోండి.

కొత్తచిగురు

బరువు మామూలే. వేసేసుకున్నా. ఫోన్‌లో రెండు గంటలకి అలారం పెట్టా, వాంతి అవుతుందేమో చూడ్డానికి. రోజూ మాత్రకి కూడా ఇంకో అలారం పెట్టేశా.